ముందద్దం మీద బొట్టు

శివకోడు,
12 నవంబరు 2008

తమ్ముడు త్రిమూర్తులుకి అక్క సీతారత్నం దీవించి రాసేది.

ఉత్తరం మొదట్లో ఇక్కడ మేమంతా క్షేమం అని రాయాలి. మూడో తరగతిలో పంతులుగారు బెత్తం పుచ్చుకుని నేర్పారు. ఆ తరవాత నాన్న నన్ను బడి మాన్పించేశాడు కాబట్టి నాకు గుర్తున్న చదువల్లా అదే. ఇప్పుడు అదీ పనికిరాకుండా పోయింది. అందుకని క్షేమం సంగతి వదిలేస్తున్నాను. బతికున్నాం. కాయలు దింపించాం. మీ బావగారు పొద్దస్తమానం టీవీ ముందు కూర్చుంటున్నారు, సౌండు మాత్రం పెట్టరు. వార్తలు చదివే పిల్ల నోరు ఆడిస్తుంటే ఈయన తల ఆడిస్తారు. ఏం అర్థమైందండీ అని అడిగితే, "ఆయ్, అంతా అదే" అంటారు.

చేతిలో ఫోను ఉండగా ఈ ఉత్తరం ఏమిటని అనుకుంటావు. నేను సాయి మాట ఎత్తేసరికి నీ ఫోనుకి సిగ్నల్ పోతుంది కదా, అందుకు. నా కొడుకు పోయి ఏడు నెలలు. ఈ ఏడు నెలల్లో పదకొండుసార్లు పోయింది. అదే నేను వంకాయ ధర చెబుతుంటే గోదాట్లో మునిగినా నీకు వినబడుతుంది. ఉత్తరానికి సిగ్నల్ అక్కర్లేదు. దీన్ని నువ్వు చింపొచ్చు కాని మధ్యలో కట్ చెయ్యలేవు.

సంగతేమిటంటే, వచ్చే ఏప్రిల్ ఆరో తారీకున సాయి ఏడాది. శ్రీరామనవమి వెళ్ళిన మూడోరోజు. సోమేశ్వరరావు పంతులుగారు తిథి చూసి చెప్పారు. చెప్పి ఊరుకోక, "మీ వాడు ఊర్ధ్వలోకాల్లో సుఖంగా ఉన్నాడమ్మా, నాకు తెలుస్తూనే ఉంది" అన్నారు. "తెలుస్తుంటే ఆ నంబరేదో ఇటు ఇవ్వండి పంతులుగారూ, నేనూ ఓ మాట మాట్లాడతాను" అన్నాను. ఆయన గొడుగు మర్చిపోయి వెళ్ళిపోయారు.

ఏడాదికి నువ్వు రావాలి. ఏడాది అయ్యాక పుట్టింటివాళ్ళు చీర పెడితే గాని నేను కొత్త గుడ్డ కట్టకూడదు. నా పుట్టిల్లంటే ఇప్పుడు నువ్వే. నువ్వు రాకపోతే చచ్చేదాకా ఈ పాత చీరలే నాకు గతి. నా బీరువా సంగతి నీకు తెలుసు.

ఇంకోటి. కారు రోడ్డు పక్కన ఆగి ఉంటే వెనకనుంచి ట్యాంకరు కొట్టిందని కదా చెప్పారు. మరి వాడు రోడ్డు పక్కన ఎందుకు ఆగాడు? పలకరింపుకి వచ్చినవాళ్ళలో సగం మంది ఒంటేలుకి ఆగాడంటున్నారు. సగం మంది ఎవరో పిల్లతో ఫోను మాట్లాడటానికి ఆగాడంటున్నారు. పక్కింటి సూర్యకుమారి రెండూ అంటోంది. వాడు నీ షాపులో, నీ చేతి కింద పనిచేసేవాడు. ఆరోజు కారు ఇచ్చి పంపింది నువ్వు. నీకు తెలిసే ఉంటుంది. తెలిస్తే రాయి.

ఇట్లు,
అక్క.


కువైట్,
1 డిసెంబరు 2008

అక్కకి త్రిమూర్తులు నమస్కరించి రాసేది.

ఇక్కడ నేను క్షేమం. నువ్వూ బావగారూ క్షేమమని తలుస్తాను.

అక్కా, ఏప్రిల్‌లో రావడం పడేలా లేదు. షాపులో తొమ్మిది మందిమి. అందులో నలుగురు మార్చి పదిహేను నుంచి సెలవు. ఇద్దరు కొత్తవాళ్ళు. రోజుకి పద్నాలుగు కార్లు వస్తున్నాయి, వారానికి ఎనభై నాలుగు. మేనేజరు మలయాళీ, మంచివాడే గాని ఎడమ కంటికి ఆపరేషన్ అయింది, సంతకాలు పెట్టడం లేదు. చీర నేను ఏసుపాదంతో పంపిస్తాను. సఖినేటిపల్లివాడే, జనవరిలో వస్తున్నాడు. నేను పెట్టినట్టే అనుకో.

సాయి ఎందుకు ఆగాడో ఎవరికీ తెలియదక్కా. పోలీసు కాగితంలో కూడా కారు పక్కన ఆగి ఉంది, ట్యాంకరు డ్రైవరు నిద్రపోయాడు అని మాత్రమే ఉంది. నీళ్ళు తాగడానికి ఆగి ఉంటాడు. అప్పుడు టైం పదకొండూ ఇరవై. ఎండ నలభై ఒక్క డిగ్రీ. వాడి సీసాలో ముప్పావు వంతు నీళ్ళున్నాయి. సీసా మూత ఎర్రది.

నువ్వు ఆ విషయాలు తలుచుకోకు. ఆరోగ్యం చూసుకో. బావగారికి నమస్కారాలు.

ఇట్లు,
త్రిమూర్తులు.


శివకోడు,
14 డిసెంబరు 2008

ఒరే త్రిమూర్తులూ,

నీకు ఎనిమిదేళ్ళప్పుడు ఆత్రేయపురం నుంచి పిన్ని పూతరేకులు తెచ్చింది. సాయంత్రానికి రెండు తక్కువొచ్చాయి. అమ్మ అడిగితే నువ్వేం చెప్పావు? "కాకి వచ్చిందమ్మా. కిటికీలో వాలింది. ఎడమ కాలితో రెండు పట్టుకుంది. తూర్పుకి ఎగిరింది" అన్నావు. అమ్మ నమ్మింది. నేను నమ్మలేదు. నిజం చెప్పేవాడికి కాకి ఏ కాలితో పట్టుకుందో ఎందుకు?

నీ ఉత్తరంలో మేనేజరు ఎడమ కన్ను చూడగానే నాకు ఆ కాకి ఎడమ కాలు కనబడింది. ఎర్ర మూత చూశాక సందేహం కూడా తీరిపోయింది. అయినా సీసాలో ముప్పావు వంతు నీళ్ళు మిగిలాయంటే వాడు తాగడానికి ఆగినట్టా, ఆగనట్టా? అబద్ధం చెప్పేటప్పుడు అక్క మూడో తరగతి చదివిందని మర్చిపోకు.

సరే, అది నీ నోటివెంట రాదు. వేరేది అడుగుతాను. వాడు అసలు అక్కడ ఏం పని చేసేవాడు? ఆరేళ్ళు పైసా పైసా పంపాడు, నేను ఆ పని పేరు కూడా అడగలేదు. అద్దాల షాపు అని చెప్పుకునేదాన్ని. పెళ్ళి సంబంధంవాళ్ళు గాజుల కొట్టనుకుని, "మగపిల్లాడు గాజులు తొడుగుతాడా అండీ" అన్నారు. నాకూ సరిగ్గా తెలియదు మరి, కాఫీల వంకన లోపలికి వెళ్ళిపోయాను. మొదట్నించి చివరిదాకా, నాకు అర్థమయ్యేలా రాయి. ఆ రోజు సంగతి వద్దు. మామూలు రోజు సంగతి రాయి.

చీర ఏసుపాదంతో పంపితే వాడికే కట్టి తిప్పి పంపుతాను.

అక్క.


కువైట్,
5 జనవరి 2009

అక్కకి,

మామూలు రోజు సంగతి అడిగావు కాబట్టి రాస్తున్నాను.

కారుకి ముందద్దం పగులుతుంది. ఇక్కడ లారీల వెనక కంకర ఎగిరి తగులుతుంది. పాత అద్దం చుట్టూ జిగురు ఉంటుంది, దాన్ని తీగతో కోసి అద్దం ఊడదీస్తాం. కొత్త జిగురు పెట్టి, ఇద్దరం అద్దానికి అతుక్కునే రబ్బరు పిడులతో పట్టుకుని, కొత్త అద్దం దించుతాం. సాయికి చెయ్యి మెత్తన. వాడు అద్దం దించితే పసిపిల్లని ఉయ్యాల్లో వేసినట్టుండేది. నేను ఎన్నిసార్లు చెప్పినా పాట పాడకుండా పని చేసేవాడు కాదు. అరబ్బు షేకులకి పూలరంగడిలా కనిపించి వాడికే టీ తెప్పించేవాళ్ళు.

ఈమధ్య రెండు మూడేళ్ళుగా పెద్ద కార్లలో ఓ కొత్తరకం వచ్చింది. ముందద్దానికి పైన, సరిగ్గా మధ్యలో, వెనక్కి చూసుకునే అద్దం వెనకాల లోపలివైపు ఒక చిన్న కెమెరా ఉంటుంది. నల్లసెనగ గింజంత కన్ను. అది రోడ్డు మీద తెల్ల గీతలు చూస్తూ ఉంటుంది. డ్రైవరు కునికిపాట్లు పడి కారు గీత దాటబోతే కూత పెడుతుంది. కొన్ని కార్లలో స్టీరింగు తనే కొంచెం లాగుతుంది.

అద్దం మారిస్తే ఆ కన్ను చూపు మారిపోతుంది. పాత అద్దానికీ కొత్త అద్దానికీ వెంట్రుకవాసి తేడా ఉన్నా, దూరాన రోడ్డు మీద అది మూరెడు అవుతుంది. అందుకని చూపు మళ్ళీ సరిచెయ్యాలి. కారుని చదునైన గచ్చు మీద ఖాళీగా నిలబెడతాం. చక్రాల్లో గాలి సరిచూస్తాం. కారు ముందున్న కంపెనీ గుర్తు నుంచీ వెనకున్న గుర్తు నుంచీ దారానికి కట్టిన గుండు వేలాడదీసి, నూలుతాడుతో నేల మీద కారు మధ్యగీత గీస్తాం. ఆ గీత మీద, కంపెనీవాళ్ళు చెప్పినంత దూరంలో, ఎదురుగా పెద్ద పలక నిలబెడతాం. దాని మీద నలుపు తెలుపు గళ్ళుంటాయి. తరవాత కంప్యూటరు తగిలిస్తే, కన్ను ఆ గళ్ళని చూసి, ఇది నడిమధ్య, ఇది కుడి, ఇది ఎడమ అని మళ్ళీ నేర్చుకుంటుంది. అది అయ్యాక గీతలు బాగున్న రోడ్డు మీద ఒకే వేగంతో ఓ ఇరవై నిమిషాలు తిప్పి తేవాలి. ఆ తిప్పి తెచ్చే పని సాయిది. వాడికి ఆ పనంటే ఇష్టం. ఏసీ ఉంటుంది, పాటలుంటాయి, పక్కన నేనుండను.

ఇదే అక్కా పని. గాజుల పని కాదు.

త్రిమూర్తులు.


శివకోడు,
20 జనవరి 2009

తమ్ముడికి,

నీ ఉత్తరం మీ బావగారికి చదివి వినిపించాను. టీవీ కట్టేసి మరీ విన్నారు. అంతా అయ్యాక, "మన వాడు కళ్ళ డాక్టరన్నమాట" అన్నారు.

నిజమేరా. కిందటేడు అమలాపురంలో ఆయనకి శుక్లం తీయించాను గదా. కొత్త కన్ను పెట్టి, కట్టు విప్పి, గోడమీద అక్షరాల పలక ఎదురుగా కూర్చోబెట్టారు. పై అక్షరం ఏమిటండీ అంటే ఈయన "పూరీ" అన్నారు. అక్కడ ఆ పలకలో పూరీ లేదు, హాస్పిటలు కింద హోటల్లోంచి వాసన వస్తోంది. కారు కన్ను అయినా మనిషి కన్ను అయినా పలక ఎదురుగా పెట్టి నేర్పకపోతే ఏది తోస్తే అది చూస్తుందని అర్థమైంది. కాని వాడు చేసే పని ఇంత గొప్పదని వాడుండగా తెలిస్తే నాలుగు ఇళ్ళకి వెళ్ళి కోతలు కోసేదాన్ని. ఇప్పుడు కోస్తే ఏడుపు అనుకుంటారు.

ఇంత పొడుగు ఉత్తరంలో నీ కాకి ఒక్కసారి కూడా వాలలేదు. అందుకు సంతోషించాను. కాని ఒక చోట నాకు అడ్డుపడింది. గుండు, నూలుతాడు.

కువైట్ వెళ్ళకముందు నువ్వు పదిహేనేళ్ళు తాపీమేస్త్రీవి. రాజోలు చుట్టుపక్కల నీ పేరెందుకు మోగింది? తాడు వెయ్యకుండా, గుండు వేలాడదియ్యకుండా, ఒంటికన్ను మూసి గోడ లేపేస్తాడని. "నా కన్నే గుండు" అని నువ్వు మీసం తిప్పడం నేను చూశాను. మా వంటింటి గోడ నువ్వే కట్టావు. ఊరంతా వచ్చి చూసి మెచ్చుకున్నారు. పదేళ్ళ తరవాత దానికి ఆనించి బీరువా పెడితే పైన నాలుగు వేళ్ళ సందు వచ్చింది. ఆ సందులో చీపురు పెట్టుకుంటున్నాను. నీకు ఇన్నాళ్ళూ చెప్పలేదు. గోడకి నాలుగు వేళ్ళ తేడా వస్తే చీపురుకి చోటు దొరుకుతుంది, పోనీలే అనుకున్నాను.

ఇప్పుడు అడుగుతున్నాను. కాకి సంగతి వద్దు. ఆరోజు గుండు వేశావా?

అక్క.


కువైట్,
8 ఫిబ్రవరి 2009

అక్కా,

వెయ్యలేదు.

గుండు పక్క షెడ్డులో ఉంది. నడిచి తెచ్చుకోవచ్చు. ఆ కారువాళ్ళ డ్రైవరు తొందరపెడుతున్నాడు. ఒంటికన్ను మూసి పలక నిలబెట్టాను. కంప్యూటరు సరే అంది. సాయి "మావయ్యా, తాడు వెయ్యవా" అని అడిగాడు. "నువ్వు పాలు తాగే వయసప్పట్నించీ నేను గోడలు కడుతున్నాను, ఎక్కు" అన్నాను. నవ్వి ఎక్కాడు.

కాసేపటికి ఫోను చేశాడు. "మావయ్యా, గీతల మధ్యలోనే పోతున్నాను. అయినా కూత ఆగట్లేదు, లైటు కొట్టుకుంటోంది" అన్నాడు. "పక్కకి ఆపి, తాళం తీసి మళ్ళీ వెయ్యరా" అన్నాను.

"ఆయ్, మావయ్యా" అన్నాడు.

అందుకు ఆగాడు. ఒంటేలుకి కాదు, పిల్లతో మాట్లాడటానికి కాదు. నేను ఆపమంటే ఆగాడు. శవం పెట్టెతో పాటు నేను రాకపోవడానికీ, నీ ఫోను కట్టెయ్యడానికీ ఇదే కారణం. నీకు చీర పెట్టే చేతులు కావక్కా ఇవి. ఏసుపాదంతో కూడా పంపలేదు. కొన్నాను, పెట్టెలో ఉంది.

త్రిమూర్తులు.


శివకోడు,
1 మార్చి 2009

త్రిమూర్తులూ,

నీ ఉత్తరం వచ్చి తొమ్మిది రోజులు. మూడు ఉత్తరాలు రాసి చించాను. మొదటిదాంట్లో నిన్ను తిట్టాను. రెండోదాంట్లో నిన్ను కన్నందుకు అమ్మని తిట్టాను, పైనున్నావిడకి ఏం పోస్టు అందుతుందిలే అని కాస్త గట్టిగానే తిట్టాను. మూడోదాంట్లో నిన్ను క్షమించేశాను. పొద్దున్నే లేచి చదువుకుంటే నాకే రోత పుట్టింది. సోమేశ్వరరావు పంతులుగారు చెప్పి రాయించినట్టుంది. అదీ చించాను.

ఇది నాలుగోది. దీంట్లో నా సంగతి రాస్తాను. నిన్ను జనవరిలో గుండు గురించి నిలదీసినప్పుడే నాకు ఇది తెలుసు. తెలిసే దాచి, ముందు నీ చేత చెప్పించాను. అక్కలంటే అంతే.

సాయి మొదటిసారి కువైట్ వెళ్ళేటప్పుడు నూకాలమ్మ తల్లి గుళ్ళో కుంకం పొట్లం కట్టి ఇచ్చాను. మనూళ్ళో ఆటో కొన్నా, లారీ కొన్నా, ఆఖరికి తోపుడుబండి కొన్నా బొట్టు పెట్టకుండా రోడ్డెక్కించం గదా. "ఒరే, నువ్వు వేసిన ప్రతి అద్దానికీ ఓ బొట్టు పెట్టరా. ఎవరి కారైతే ఏం, ప్రాణం ప్రాణమే. మధ్యలో పైన, వెనక్కి చూసే అద్దం చాటున పెట్టు, వాళ్ళకి కనబడదు, గొడవుండదు" అని చెప్పాను. ఆ చోటు నేనే చెప్పాను. వాడు అలాగే చేసేవాడు. సెలవుకి వచ్చినప్పుడల్లా కొత్త పొట్లం పట్టుకెళ్ళేవాడు. "అమ్మా, మూడొందల కార్లయ్యాయే" అని నవ్వేవాడు. ఇక్కడ జాతరకి ఆ తల్లి రథం లాగడానికి మనుషులు దొరకరు. అక్కడ మూడొందల కార్లలో ఏసీలో ఊరేగిందిరా ఆవిడ.

నువ్వు జనవరిలో రాశావు చూడు, కన్ను ఎక్కడుంటుందో. పైన, సరిగ్గా మధ్యలో, వెనక్కి చూసుకునే అద్దం వెనకాల. ఆ ముక్క దగ్గర ఆగిపోయాను. మీ బావగారు "తరవాత ఏమిటి, చదువు" అన్నారు. ఆ వాక్యం దాటేసి చదివాను.

నల్లసెనగంత కన్నన్నావు. నా బొట్టు దానికంటే పెద్దదే ఉంటుంది. దొంగలు కంట్లో కారం కొడతారు. నేను నా కొడుకు కారు కంట్లో కుంకం కొట్టాను. అందుకే అది కూత పెట్టింది. నీ పలక నాలుగు వేళ్ళు పక్కకి ఉంటే ఉండనీ. అసలు కళ్ళే మూసుకుపోయినదానికి పలక ఎక్కడుంటే ఏమిటి?

ఇది మీ బావగారికి చెప్పలేదు. నీకే చెబుతున్నాను. ఇప్పుడు చెప్పు, చీర పెట్టించుకునే ఒళ్ళేనా ఇది?

సీతారత్నం.


కువైట్,
13 మార్చి 2009

అక్కకి,

నీ ఉత్తరం చూసి వెంటనే రాస్తున్నాను. బొట్టు గురించి నువ్వు బెంగ పెట్టుకోకు. ఆరోజు ఆ కారుకి బొట్టు లేదు. సాయి పెట్టాడు, నిజమే. అద్దం దించగానే నేను చూశాను. నేనే తుడిచేశాను. అప్పుడు టైం తొమ్మిదీ నలభై రెండు. పసుపురంగు గుడ్డ, స్పిరిటు మూడు చుక్కలు. ఎడమ చేత్తో, కుడి నుంచి ఎడమకి నాలుగుసార్లు తుడిచాను. గుడ్డ నీలం డబ్బాలో పడేశాను. కాబట్టి కన్ను శుభ్రంగానే ఉంది. నీ తప్పు ఏమీ లేదు. తప్పంతా నా పలకదీ, నా ఫోనుదీ.

ఇప్పుడు నేను పలక పని మానేశాను. పాత జిగురు కొయ్యడం, గచ్చు కడగడం చేస్తున్నాను. అయినా ఆ గుండు మాత్రం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. పడుకునేటప్పుడు పక్కలో పెట్టుకుంటున్నానని రూములోవాళ్ళు నవ్వుతున్నారు.

ఏప్రిల్‌కి రాలేను. మేనేజరు సంతకం పెడతానన్నాడు, నేనే వద్దన్నాను. అబద్ధం ఎందుకు. నీ గుమ్మంలో నిలబడే ధైర్యం లేదు.

త్రిమూర్తులు.


శివకోడు,
22 మార్చి 2009

తమ్ముడికి అక్క దీవించి రాసేది.

నీలం డబ్బా, పసుపు గుడ్డ, మూడు చుక్కలు. ఒరే, నీకు యాభై రెండేళ్ళొచ్చాయి. ఇంకా ఆ కాకి ఎడమ కాలితోనే పట్టుకుంటోంది.

నువ్వు తుడవలేదు. ఆ బొట్టు సంగతి నా ఉత్తరం చదివేదాకా నీకు తెలియనే తెలియదు. నా మీద పడకుండా తీసి నీ మీద వేసుకుందామని చూశావు. చిన్నప్పుడు పూతరేకులు తిని కాకి మీద వేశావు. ఇప్పుడు కాకి తిన్నది కూడా నువ్వే తిన్నానంటున్నావు. చదివి నవ్వాను. నవ్వి చాలాసేపు ఏడ్చాను. మీ బావగారు కంగారుపడి టీవీకి సౌండు పెట్టారు.

ఆయనకి అంతా చెప్పేశాను. నీ పలక, నీ ఫోను, నా బొట్టు, అన్నీ. చివరిదాకా విని ఒకటే అడిగారు. "మరి ఆ ట్యాంకరువాడో?"

చూడు త్రిమూర్తులూ, నాన్న పోయాక అరెకరం తోట ఉంటే నువ్వూ నేనూ ఒక్క మాట అనుకోకుండా పంచుకున్నాం. నీ పక్కకి రెండు చెట్లు ఎక్కువొచ్చినా నేను మాట్లాడలేదు. ఇప్పుడేమో ఈ తప్పు నాదంటే నాదని నెలన్నరగా లాక్కుంటున్నాం. మనిద్దరం లాక్కుంటుంటే, నిద్రపోతూ బండి నడిపి నా కొడుకుని చంపినవాడు మాత్రం వాటాలోకే రాకుండా గట్టు మీద కూర్చున్నాడు. నువ్వు నిలబెట్టిన పలక గుండు వేసినంత తిన్నగా ఉన్నా, నేను అద్దానికి బొట్టు పెట్టించకపోయినా, ఆ కన్ను ముందుకే గదా చూసేది. వెనకనుంచి వచ్చేదాన్ని అదేం చూస్తుంది?

కాబట్టి పంపకం చేసేస్తున్నాను. పెద్దదాన్ని, నా మాట వినాలి. నీ వాటా నాలుగు వేళ్ళు. నా వంటింటి గోడ సందంత. నా వాటా బొట్టంత. మిగిలిందంతా ట్యాంకరువాడిది, సరిహద్దు రాళ్ళతో సహా. నీ నాలుగు వేళ్ళు నువ్వు మొయ్యాలి, అది కూడా నాకిచ్చెయ్యమని నేనడగను. నా బొట్టు నేను మోస్తాను, దాన్ని నువ్వు తుడవడానికి వీల్లేదు. స్పిరిటు ఎన్ని చుక్కలు వేసినా వీల్లేదు.

వాడు ఆఖరుగా "ఆయ్, మావయ్యా" అన్నాడని రాశావు. ఆ మాట విన్నది లోకంలో నువ్వొక్కడివే. అది నువ్వు నా ఎదురుగా కూర్చుని చెప్పాలి. వాడు ఎలా అన్నాడో అలాగే అని చూపించాలి. చికాకుగా అన్నాడా, నవ్వుతూ అన్నాడా, పాట మధ్యలో అన్నాడా. అది కాగితం మీద పట్టదు. దానికోసమైనా నువ్వు రావాలి. ఏడాది భోజనాలకి కాదు.

మేనేజరు సంతకం పెడతానన్నాడు గదా, వెళ్ళి పెట్టించుకో. విమానం దిగి, హైదరాబాదులో రైలెక్కి నరసాపురంలో దిగు. బస్సులో చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి రాకు. తిన్నగా రేవుకి వచ్చి గోదారి దాటించే పంటు ఎక్కు. ఆ గుండు కూడా పట్టుకురా. వంటింటి గోడ సంగతి తేల్చుకోవాలి, చీపురికి వేరే చోటు చూశాను.

ఇటు సఖినేటిపల్లి రేవులో నేనుంటాను. సాయి మొదటి సెలవుకి వచ్చినప్పుడు బండారులంక తీసుకెళ్ళి నాకో నేత చీర కొన్నాడు. నలుపు తెలుపు గళ్ళు. నలుపేమిట్రా అశుభం అని ఒక్కసారైనా కట్టలేదు. మడత విప్పి చూస్తే నువ్వు రాసిన పలకలాగే ఉంది. కొత్తదే గాని, అయిదేళ్ళయింది గనక పాతదాని కిందే లెక్క. పంతులుగారికి అభ్యంతరమైతే ఆయన గొడుగు ఇంకా నా దగ్గరే ఉంది.

అది కట్టుకుని ఒడ్డున నిలబడతాను. నువ్వు పంటు మధ్యలో నిలబడి, తల దించకుండా, నన్నే చూస్తూ రా. నేను ఎటూ కదలను. ఈ ఒడ్డుకి వచ్చేసరికి నీ చూపు సరిపోతుంది.

ఇట్లు,
అక్క సీతారత్నం.